గడిలో ఒక అంకె: తొలినాటి అమెరికా పూర్వీకుణ్ణి లెక్కల పుస్తకాల్లో వెతకడం

1859 డిసెంబరులో అబ్రహాం లింకన్ తన జీవిత వివరాలు క్లుప్తంగా రాసి ఒక మిత్రుడికి పంపాడు. మరుసటి ఏడాది అధ్యక్షుడిగా ఎన్నిక కాబోతున్న మనిషి. వంశం గురించి మాత్రం ఆయన రాయగలిగింది నాలుగైదు వాక్యాలే. తాత పేరు కూడా అబ్రహామే. వర్జీనియాలోని రాకింగ్‌హాం కౌంటీ (మన జిల్లా లాంటిది) నుంచి 1781లోనో 82లోనో కెంటకీకి వలస వచ్చాడు. పొలం కోసం అడవి కొడుతుండగా ఆదివాసుల దాడిలో చనిపోయాడు. అంతకు ముందు తరంవాళ్ళు పెన్సిల్వేనియాలోని బర్క్స్ కౌంటీకి చెందిన క్వేకర్లు, అంటే ఒక క్రైస్తవ శాఖవాళ్ళు. న్యూ ఇంగ్లండ్‌లో ఉన్న లింకన్లతో చుట్టరికం కలుస్తుందేమోనని ప్రయత్నం జరిగిందట. రెండు వైపులా మోర్డికై, సోలమన్, అబ్రహాం లాంటి పేర్లు ఉన్నాయని తేలింది తప్ప ఇంకేమీ తేలలేదట.

నిజానికి చుట్టరికం ఉంది. ఆ వంశానికి మూలపురుషుడు శామ్యూల్ లింకన్ 1637లో ఇంగ్లండ్ నుంచి మసాచుసెట్స్‌లోని హింగంకు వచ్చినవాడు. ఆ సంగతి లింకన్‌కు చివరిదాకా రూఢిగా తెలియలేదు. తర్వాతి పరిశోధకులు వీలునామాలు, దస్తావేజులు, పన్ను పుస్తకాలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి తరాలను ముడివేశారు. అధ్యక్షుడి వంశం కాబట్టి అంతమంది వెతికారు. మామూలు రైతు పూర్వీకుడి కోసం వెతికేవాళ్ళు కూడా పట్టుకోవలసింది ఆ కాగితాలనే.

ఇక్కడ ఒక్క విషయం మొదటే మనసులో పెట్టుకోవాలి. ఆ పుస్తకాలు రాసినవాళ్ళెవరికీ వంశవృక్షాలతో పనిలేదు. చట్టసభలో ఎన్ని సీట్లు పంచాలి, ఎంతమంది తుపాకీ పట్టగలరు, ఎవరి దగ్గర ఎంత వసూలు చేయొచ్చు, ఇవే వాళ్ళకు కావలసినవి. అందుకే ఏ గడి చూసినా ముందు అడగవలసిన ప్రశ్న ఇది: సర్కారుకు ఈ అంకెతో ఏం పని? దానికి జవాబు తెలిస్తే ఆ గడి ఏం చెబుతుందో, ఏం చెప్పలేదో రెండూ తెలుస్తాయి.

పేరు ఒక్కటే, మిగతావన్నీ అంకెలు

అమెరికా జనాభా లెక్కల్లో 1850 ఒక గోడ లాంటిది. ఆ ఏడాది నుంచి స్వేచ్ఛగా ఉన్న ప్రతి మనిషి పేరు, వయసు, పుట్టిన రాష్ట్రం రాశారు. అంతకు ముందు 1790 నుంచి 1840 దాకా జరిగిన ఆరు లెక్కల్లో ఇంటి యజమాని పేరు ఒక్కటే ఉంటుంది. భార్య, పిల్లలు, తల్లి, పాలేరు, బానిసలు అందరూ వయసు గడుల్లో అంకెలే.

మొదటి లెక్క 1790 ఆగస్టు 2 నాటికి ఎవరు ఎక్కడ ఉన్నారన్నది. పని అప్పగించింది ఫెడరల్ మార్షళ్ళకు, అంటే కేంద్ర కోర్టుల అధికారులకు. వాళ్ళు సహాయకుల్ని పెట్టుకుని ఇల్లిల్లూ తిప్పించారు. అచ్చు వేసిన ఫారాలు లేవు. దొరికిన కాగితం మీద గీతలు గీసుకుని రాసుకున్నారు. ప్రభుత్వం అచ్చు ఫారాలు ఇవ్వడం 1830లో మొదలైంది. 1790లో గడులు ఐదే: 16 ఏళ్ళు, ఆపైన ఉన్న తెల్ల మగవాళ్ళు, 16 లోపు తెల్ల మగపిల్లలు, తెల్ల ఆడవాళ్ళు అందరూ కలిపి, మిగతా స్వేచ్ఛా వ్యక్తులు, బానిసలు. మగవాళ్ళను 16 దగ్గర విడగొట్టడానికి కారణం సైన్యం, శ్రమశక్తి. ఆడవాళ్ళ వయసుతో సర్కారుకు పని పడలేదు. అందుకే అరవై ఏళ్ళ అత్తగారూ ఆరు నెలల పసిపాపా ఒకే గడిలో కలిసిపోయారు. బానిసలకు విడి గడి పెట్టడం వెనక రాజ్యాంగంలోని లెక్క ఉంది. ప్రతినిధుల సభలో సీట్లు పంచేటప్పుడు ఐదుగురు బానిసలను ముగ్గురిగా లెక్కించాలి కదా.

మొత్తం 39,29,214 మంది అని తేలింది. అధ్యక్షుడు వాషింగ్టన్‌కు ఆ సంఖ్య నచ్చలేదు. నిజం ఇంకా ఎక్కువే ఉంటుందని ఆయన నమ్మకం. కొందరు మత నమ్మకాల వల్ల, కొందరు దీని వెనకే పన్ను వస్తుందన్న భయం వల్ల సరిగ్గా చెప్పలేదని ఆయన ఒక మిత్రుడికి రాశాడు. ఆ భయం వెతికేవాళ్ళకు పనికొచ్చే సమాచారం. ఒక ఇల్లు లెక్కలో లేదంటే ఆ ఇల్లే లేదని అర్థం కాదు.

తర్వాతి లెక్కల్లో గడులు పెరుగుతూ వచ్చాయి. 1800, 1810లలో పది లోపు, 10 నుంచి 15, 16 నుంచి 25, 26 నుంచి 44, 45 ఆపైన అని మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ వేరువేరుగా రాశారు. 1830, 1840లలో 20 ఏళ్ళ వరకు ఐదేసి సంవత్సరాలకు, ఆపైన పదేసి సంవత్సరాలకు ఒక గడి. ఒక్కో గడి విడిగా చూస్తే మొద్దుగా కనిపిస్తుంది. పక్కపక్కన పెడితే పదునెక్కుతుంది. ఒక ఇంటి యజమాని 1800లో 26–44 గడిలో ఉన్నాడంటే 1755కూ 1774కూ మధ్య పుట్టాడు. అదే మనిషి 1810లో 45 ఆపైన గడిలోకి వెళ్ళాడంటే 1765 తర్వాత పుట్టే అవకాశం లేదు. 1830లో 60–69 గడిలో కనిపిస్తే 1760కి ముందు పుట్టలేదు. మూడు మొద్దు అంకెలు కలిసి పుట్టిన సంవత్సరాన్ని 1760–65 మధ్యకు తెచ్చాయి. గడుల్లో ఉన్న పెద్దాయనే ఇంటి యజమాని అని ఊహిస్తేనే ఇదంతా. ఇంట్లో ముసలి తండ్రి ఉంటే లెక్క తలకిందులవుతుంది.

1820లో ఒక ఉచ్చు ఉంది. ఆ ఏడాది మగవాళ్ళకు 16 నుంచి 18 అని ఒక అదనపు గడి పెట్టారు. ఆ వయసు కుర్రాణ్ణి ఆ గడిలోనూ, 16–25 గడిలోనూ రెండుసార్లు చూపిస్తారు. తెలియకుండా కూడితే లేని కొడుకు పుట్టుకొస్తాడు. వంశవృక్షాల్లో ఇలా పుట్టిన కొడుకులు కొందరు ఇప్పటికీ బతికే ఉన్నారు!

ఈ గడులు చెప్పలేనిది చుట్టరికం. లింకన్ ఇంటినే తీసుకుందాం. 1820 ఆగస్టు నాటికి ఇండియానాలో ఆయన తండ్రి థామస్ ఇంట్లో ఎవరెవరున్నారో ఇతర ఆధారాల వల్ల తెలుసు. థామస్, ఎనిమిది నెలల క్రితం పెళ్ళి చేసుకున్న రెండో భార్య సారా బుష్, మొదటి భార్య పిల్లలు సారా, అబ్రహాం, రెండో భార్యకు ఆమె మొదటి భర్త వల్ల పుట్టిన ముగ్గురు పిల్లలు, చనిపోయిన మొదటి భార్య తరఫు చుట్టం డెనిస్ హాంక్స్. వీళ్ళను వయసు గడుల్లో పోసి చూస్తే ఒక భర్త, ఒక భార్య, వాళ్ళకు పుట్టిన ఆరుగురు పిల్లలు అన్నట్టే ఉంటుంది. లింకన్ ప్రసిద్ధుడు కాకపోతే ఏ వారసుడో అలాగే రాసుకునేవాడు.

పోయిన పుస్తకాలు

1790 లెక్కల్లో వర్జీనియా, న్యూజెర్సీ, డెలావేర్, జార్జియా, కెంటకీ, టెనసీ ప్రాంతాల పేర్ల జాబితాలు దొరకడం లేదు. 1814లో బ్రిటిష్ సైన్యం వాషింగ్టన్ నగరాన్ని తగలబెట్టినప్పుడు కాలిపోయాయని చాలాచోట్ల రాస్తుంటారు. వినడానికి బాగుంటుంది కానీ పొసగదు. ఆ జాబితాలు జిల్లా కోర్టు గుమాస్తాల దగ్గరే ఉండేవి. వాటిని రాజధానికి పంపమని చట్టం వచ్చింది 1830లో. కొన్ని ఆలోపే ఎక్కడికక్కడ చెదలు పట్టో, చిత్తుకాగితాలైపోయో పోయి ఉంటాయన్నదే నమ్మదగ్గ మాట. 1890 లెక్కల సంగతి వేరు. అవి 1921 జనవరిలో వాణిజ్య శాఖ భవనంలో అగ్నిప్రమాదానికి గురైన మాట నిజమే.

వర్జీనియా లోటును సర్కారే ఎలా పూడ్చిందో చూస్తే దారి కనిపిస్తుంది. 1907–08లో సెన్సస్ బ్యూరో 1790 నాటి ఇంటి యజమానుల పేర్లను పుస్తకాలుగా అచ్చు వేసింది. వర్జీనియాకు వచ్చేసరికి 1782–85 నాటి రాష్ట్ర గణనల జాబితాలు ఎత్తి పెట్టింది. కెంటకీకి 1790, 1800 రెండూ లేవు. అక్కడా పరిశోధకులకు దిక్కు పన్ను పుస్తకాలే.

ఏటా వచ్చే పన్ను మనిషి

జనాభా లెక్క పదేళ్ళకోసారి తీసే ఫొటో అనుకుంటే, పన్ను జాబితా ఏటేటా నడిచే రీలు. వర్జీనియాలో 1782 నుంచి భూమికి ఒక జాబితా, చరాస్తికి మరో జాబితా. ప్రతి కౌంటీలో రెవెన్యూ కమిషనర్లు ఉండేవారు. రెండో జాబితాలో ఇంటికి ఎంతమంది పన్ను కట్టాల్సిన వయసు మగవాళ్ళు, ఎంతమంది బానిసలు, ఎన్ని గుర్రాలు అని రాసేవారు. బండి ఉంటే చక్రాలు లెక్కపెట్టేవారు. బిలియర్డ్స్ బల్లకు కూడా పన్ను ఉండేది. యుద్ధం ఖర్చుల వల్ల 1815లో ఇంకా ముందుకు పోయి గడియారాలు, అద్దాలు, పియానోలు కూడా రాశారు. ఆ ఒక్క ఏడాది జాబితా చదివితే ఒక్కో ఇంటి హాలులో నిలబడి చుట్టూ చూసినట్టుంటుంది.

వంశం వెతికేవాళ్ళకు గుర్రాల కంటే మగవాళ్ళ గడి ముఖ్యం. 1780ల చివరి నుంచి వర్జీనియా జాబితాల్లో 16 దాటిన తెల్ల మగవాళ్ళ సంఖ్య కనిపిస్తుంది. 21 నిండితే కుర్రాడు తన పేరుతోనే జాబితాలోకి వస్తాడు. ఇదెలా పనికొస్తుందో ఒక ఊహాజనిత విలియంతో చూద్దాం. 1850 లెక్కలో అతని వయసు 62, పుట్టింది వర్జీనియా అని ఉంది. తండ్రి ఎవరో తెలియదు. అతను 1788 ప్రాంతంలో పుట్టి ఉంటే 1804లో 16 నిండుతుంది. అంటే ఆ ఏడాది అటూ ఇటూగా ఎవరింటి లెక్కలోనో ఒకటి పెరగాలి. 1809లో 21 నిండుతుంది. ఆ ఏడాది అతని పేరు విడిగా రావాలి. అదే ఇంటి పేరున్న ముసలాయన లెక్కలో ఒకటి తగ్గాలి. ఇలా పెరగడం, తగ్గడం రెండూ ఒకే మనిషి దగ్గర జరిగితే అనుమానం బలపడుతుంది. చిన్న చిక్కు ఉంది. వర్జీనియాలో 1808కి పన్ను వసూలు చేయలేదు, జాబితా లేదు. విలియం పేరు 1809లో మొదటిసారి కనిపిస్తే అతనికి 21 నిండింది ఆ ఏడాదేనా, అంతకు ముందు ఏడాదేనా అన్నది ఆ జాబితా తేల్చదు.

తర్వాత తేదీ చూడాలి. చాలా జాబితాల్లో పేర్లను మొదటి అక్షరం ప్రకారం సర్దేశారు. దాంతో ఇరుగుపొరుగు చెదిరిపోయినట్టు కనిపిస్తుంది. కానీ ప్రతి పేరు పక్కన కమిషనర్ వివరాలు తీసుకున్న తేదీ ఉంటుంది. ఏప్రిల్ 14 అని ఉన్న పేర్లన్నీ ఏరి ఒక కాగితం మీద రాసుకుంటే ఆ రోజు కమిషనర్ తిరిగిన దారి బయటపడుతుంది. ముసలాయన, విలియం ఒకే తేదీన ఏటా కనిపిస్తే వాళ్ళు ఇరుగుపొరుగు. వాళ్ళతో పాటు అదే తేదీన కనిపించే వేరే ఇంటి పేర్లు కూడా రాసి పెట్టుకోవాలి. వాళ్ళలో విలియం మామగారు ఉండొచ్చు. తొలినాటి అమెరికాలో కుటుంబాలు ఒంటరిగా వలస పోవడం అరుదు. అత్తవారు, బావమరుదులు, ఒకే చర్చివాళ్ళు జట్టుగా కదిలేవారు. కెంటకీలో ఒక వాగు ఒడ్డున దొరికిన ఆరు ఇంటి పేర్లలో నాలుగు వర్జీనియాలో ఒకే తేదీ కింద దొరికాయంటే ఊరు దొరికినట్టే.

భూమి జాబితా చివరి ముడి విప్పుతుంది. ముసలాయన పేరు పక్కన ఒక ఏడాది ‘ఎస్టేట్’ అన్న మాట చేరుతుంది. అంటే మనిషి పోయాడు, ఆస్తి ఇంకా పంచలేదు. కొన్నేళ్ళకు మూడు వందల ఎకరాలు మాయమై, మూడు వేరు పేర్ల మీద వంద చొప్పున కనిపిస్తే వీలునామా పోయినా పంపకం దొరికినట్టే. తాత పోయి ఇరవై ఏళ్ళయినా పహాణీలో ఆయన పేరే ఉండిపోవడం తెలుగు రైతు కుటుంబాలకు తెలిసిన సంగతే. అక్కడా అంతే. ‘ఎస్టేట్’ అని రాయకుండా చనిపోయినవాడి పేరే కొనసాగించిన జాబితాలూ ఉన్నాయి. అందుకే పన్ను జాబితాలో పేరు చివరిసారి కనిపించిన ఏడాదిని చావు తేదీగా రాసుకోకూడదు. 1814 నుంచి వర్జీనియా భూమి జాబితాల్లో కోర్టు భవనం నుంచి ఏ దిక్కున ఎన్ని మైళ్ళో కూడా ఉంటుంది. ఒకే పేరున్న ఇద్దరిని విడదీయడానికి దీన్ని మించిన సాయం లేదు.

కెంటకీ పుస్తకాలు ఇంకో అడుగు ముందుకు వేశాయి. 1792 నుంచి మొదలైన ఆ జాబితాల్లో భూమి ఏ వాగు పక్కన ఉంది, ఏ రకం నేల అన్నదే కాక, ఆ భూమిని మొదట ఎవరి పేరు మీద నమోదు చేశారు, ఎవరి పేరు మీద కొలిచారు, ఎవరి పేరు మీద పట్టా వచ్చింది అని మూడు గడులు ఉంటాయి. ఒక్కోసారి ఆ మూడు పేర్లే తండ్రి, మామ, అన్న అవుతారు.

సీనియర్, జూనియర్, లింక్‌హార్న్

ఒకే పేరున్న ఇద్దరిని కలిపేయడం ఈ పనిలో అన్నిటికంటే ఎక్కువ జరిగే పొరపాటు. జాబితాలో ‘సీనియర్’, ‘జూనియర్’ అని ఉంటే తండ్రీ కొడుకులని అనుకోవడం ఈనాటి అలవాటు. ఆ రోజుల్లో అవి వరసను చెప్పేవి కావు. ఆ చుట్టుపక్కల ఒకే పేరున్న ఇద్దరిలో పెద్దవాడు సీనియర్, చిన్నవాడు జూనియర్. బాబాయి, అన్నకొడుకు కావచ్చు. చుట్టరికమే లేకపోవచ్చు. తెలుగు పల్లెల్లో పెద సుబ్బయ్య, చిన సుబ్బయ్య అన్నట్టే. పైగా సీనియర్ చనిపోయినా వలస పోయినా నిన్నటి జూనియర్ ఈ ఏడాది సీనియర్ అయిపోతాడు. కొత్త జూనియర్ ఒకడు పుట్టుకొస్తాడు. తాత పేరు మనవడికి పెట్టే అలవాటు అక్కడా ఉండడంతో ఈ గందరగోళం తరం తరానికీ తిరిగి వస్తుంది. లింకన్ వంశంలోనే అబ్రహాములు, మోర్డికైలు ఎందరో. థామస్‌లు కూడా ఒకరికంటే ఎక్కువ.

ఇక పేరు రాయడం గుమాస్తా చెవికి వినిపించినట్టే. అధ్యక్షుడి తాత 1780లో కెంటకీ భూమి కోసం తీసుకున్న పత్రంలో పేరు ‘లింక్‌హార్న్’ అని ఉంది. ‘లింకన్’ అనే అక్షరాలకే అంటిపెట్టుకుని వెతికితే ఆయన దొరకడు. కంప్యూటర్ సూచికలు వచ్చాక ఈ జబ్బు తగ్గలేదు, పెరిగింది. పాత చేతిరాత చదివిన ఈనాటి మనిషి చేసిన తప్పు కూడా ఇప్పుడు దానికి తోడైంది. ఫ్యామిలీసెర్చ్ లాంటి వెబ్‌సైట్లలో ఆ పేజీల ఫొటోలు ఉచితంగానే దొరుకుతాయి. సూచికను నమ్మి వదిలేయకుండా ఆ కౌంటీ పేజీలన్నీ ఒక్కొక్కటిగా తిప్పడం కొంత విసుగే, కానీ వేరే దారి లేదు.

లింకన్ ఇంట్లో చట్టం, కౌంటీ గీత

రాకింగ్‌హాం కౌంటీ రికార్డులు 1864లో అంతర్యుద్ధంలో చాలావరకు కాలిపోయాయి. భద్రంగా ఉంచుదామని బండి మీద తరలిస్తుంటే సైనికులు బండికి నిప్పు పెట్టారు. ఇతర కౌంటీలు కొన్ని తమ పుస్తకాలను క్షేమం కోసమని రిచ్‌మండ్‌కు పంపితే 1865లో అక్కడ కాలాయి. కౌంటీ పుస్తకం పోయినా పన్ను జాబితా మిగలడానికి కారణం దాన్ని ఒకటి కంటే ఎక్కువ ప్రతులు రాయడమే. ఒక ప్రతి రాష్ట్ర ఆడిటర్‌కు వెళ్ళేది. డబ్బు లెక్క కాబట్టి ఆడిటర్ దాచాడు. ఇప్పుడవి వర్జీనియా రాష్ట్ర గ్రంథాలయంలో ఉన్నాయి.

తాత అబ్రహాం చనిపోయిన ఏడాది గురించి కుటుంబంలో చెప్పుకున్నది 1784 ప్రాంతమని. లింకన్ కూడా 1860లో అలాగే రాశాడు. చరిత్రకారులు ఒప్పుకున్నది 1786 మే. రెండేళ్ళ తేడా పెద్ద విషయం కాదనిపించవచ్చు. చట్టం పక్కన పెట్టి చూస్తే ఆ తేదీ విలువ తెలుస్తుంది. కెంటకీ అప్పుడు వర్జీనియాలో భాగం. వీలునామా లేకుండా చనిపోతే భూమి అంతా పెద్దకొడుక్కే అన్న పాత ఇంగ్లిష్ పద్ధతి అక్కడ 1787 జనవరి 1న పోయింది. ఆయన చనిపోయింది దానికి ఏడెనిమిది నెలల ముందు. వేల ఎకరాల మీద హక్కు పెద్దకొడుకు మోర్డికైకి పోయింది. మూడోవాడు థామస్ చేతులు ఖాళీ. ఇలాంటి వారసత్వానికి దస్తావేజు ఉండదు. పన్ను జాబితాలో తండ్రి పేరు ఉండవలసిన చోట ఒక ఏడాది పెద్దకొడుకు పేరు కనిపిస్తుంది, అంతే. దస్తావేజుల సూచికలో ‘ఏమీ లేదు’ అని తేల్చుకుని వెళ్ళిపోయేవాళ్ళు ఇక్కడే దారి తప్పుతారు.

థామస్ గురించి చాలాకాలం వాడుకలో ఉన్న బొమ్మ సోమరి, చేతకాని దరిద్రుడు అని. ఆ బొమ్మను చెరిపింది ఎక్కువగా పన్ను పుస్తకాలే. 1814 హార్డిన్ కౌంటీ జాబితాలో ఉన్న 98 మంది ఆస్తిపరుల్లో ఆయన 15వ స్థానంలో ఉన్నాడు. కెంటకీలో ఆయన్ను దెబ్బతీసింది భూమి హక్కుల గందరగోళం. చెట్టు నుంచి బండకు, బండ నుంచి వాగుకు అని కొలిచిన పొలాలు ఒకదాని మీద ఒకటి ఎక్కేవి. కొన్న ప్రతిచోటా తగాదానే. ఆ టెన్షన్ పడలేక 1816లో, ప్రభుత్వమే చదరాలుగా కొలిచి అమ్మే ఇండియానాకు వెళ్ళిపోయాడు. బానిసత్వం కూడా ఒక కారణమేననీ, ప్రధాన కారణం మాత్రం భూమి హక్కులేననీ కొడుకే తర్వాత రాశాడు.

ఆయన పెళ్ళి కాగితం కథ ఇంకా పాఠం లాంటిది. లింకన్ పుట్టింది హార్డిన్ కౌంటీలో. తల్లిదండ్రుల పెళ్ళి రికార్డు కోసం అక్కడే వెతికారు, దొరకలేదు. అసలు పెళ్ళే జరగలేదన్న పుకార్లు పుట్టాయి. లింకన్ చనిపోయి చాలా ఏళ్ళయ్యాక ఆ కాగితం వాషింగ్టన్ కౌంటీ కోర్టులో బయటపడింది. 1806 జూన్ 12న పెళ్ళి. పెళ్ళికూతురి వాళ్ళుండేది ఆ కౌంటీ, కాబట్టి అక్కడే జరిగింది. లింకన్ పుట్టిన పొలం కూడా ఇప్పుడు హార్డిన్‌లో లేదు. 1843లో లారూ అనే కొత్త కౌంటీ ఏర్పడి ఆ పొలాన్ని తనలో కలుపుకుంది. మనుషులు కదలకుండానే కౌంటీలు మారిపోయేవి. పన్ను జాబితాలో ఒకే ఏడాది ముప్పై కుటుంబాలు మాయమైతే అది వలస అనుకునే ముందు కౌంటీ సరిహద్దు ఎప్పుడు మారిందో చూసుకోవాలి.

వేడినీళ్ళ తిరుగుబాటు

ఫెడరల్ ప్రభుత్వం వేసిన ఒక పన్ను గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఫ్రాన్స్‌తో యుద్ధం వచ్చేట్టుందని 1798లో ఇళ్ళు, భూములు, బానిసల మీద 20 లక్షల డాలర్ల పన్ను విధించారు. వంద డాలర్లు దాటిన ప్రతి ఇంటికీ కొలతలు, గోడలు దేనితో కట్టారు, ఎన్ని కిటికీలు అని రాసుకున్నారు. పెన్సిల్వేనియాలో జర్మన్ రైతులకు ఒళ్ళు మండింది. కిటికీలు లెక్కపెట్టడానికి వచ్చిన ఉద్యోగుల మీద ఆడవాళ్ళు పైనుంచి వేడినీళ్ళు కుమ్మరించారు. నాయకుడు జాన్ ఫ్రైస్‌కు మరణశిక్ష పడింది. అధ్యక్షుడు ఆడమ్స్ 1800లో క్షమించాడు. జాబితాలు అన్ని రాష్ట్రాలవీ మిగల్లేదు. పెన్సిల్వేనియా, మసాచుసెట్స్, మెయిన్, మేరీలాండ్‌లవి బాగా దొరుకుతాయి. పూర్వీకుడి ఇల్లు చెక్కదా రాయిదా అన్నది రెండు వందల ఏళ్ళ తర్వాత తెలిసేది ఆ కోపం తెప్పించిన పన్ను వల్లే.

గడిలో పేరు లేనివాళ్ళు

ఇప్పటిదాకా చెప్పిన పద్ధతి భూమి ఉన్న తెల్ల మగవాడికి సరిగ్గా పనిచేస్తుంది. పుస్తకాలు రాసిందే వాళ్ళ దగ్గర వసూలు చేయడానికి. మిగతావాళ్ళ దగ్గరికి వచ్చేసరికి అదే పద్ధతి కుంటుతుంది.

బానిసలుగా ఉన్నవాళ్ళను 1850, 1860 లెక్కల్లో విడి జాబితాల్లో రాశారు. అక్కడ యజమాని పేరుంది, బానిస వయసు, లింగం, రంగు ఉన్నాయి, పేరు లేదు. విముక్తి పొందిన కుటుంబాలు పేరుతో జనాభా లెక్కలోకి వచ్చింది 1870లో. ఆఫ్రికన్ అమెరికన్ వంశాలు వెతికేవాళ్ళు ఆ ఏడాదిని రాతిగోడ అంటారు. గోడకు అవతల చూడాలంటే యజమాని వంశాన్ని వెతకాలి. అతని వీలునామా, చనిపోయాక ఆస్తుల పట్టీ, పన్ను పుస్తకం తిప్పాలి. వర్జీనియాలో 1780ల తొలి పన్ను జాబితాలు కొన్నింట బానిసల పేర్లు కూడా రాశారు. తర్వాత సంఖ్య చాలనుకుని మానేశారు. పన్ను గుమాస్తా శ్రమ తగ్గింది, రెండు శతాబ్దాల తర్వాత వెతికే మనవళ్ళకు పేర్లు పోయాయి. స్వేచ్ఛగా ఉన్న నల్లవాళ్ళ సంగతి కొంత మెరుగు. అది వాళ్ళ మీద గౌరవం వల్ల వచ్చింది కాదు. నిఘా కోసం 1793 నుంచి వర్జీనియా వాళ్ళను రిజిస్టరులో నమోదు చేయించుకోమంది. ఆ నిఘా పుస్తకాల్లో వాళ్ళ ఎత్తు, మచ్చలు, ఎలా స్వేచ్ఛ పొందారన్నది కూడా దొరుకుతుంది.

ఇక ఆడవాళ్ళు. భర్త బతికున్నంతకాలం పన్ను జాబితాలో భార్య లేదు. ఆమె పేరు మొదటిసారి కనిపించిందంటే సాధారణంగా అది భర్త పోయిన ఏడాది. కొడుక్కి 21 నిండగానే, లేదా మళ్ళీ పెళ్ళి కాగానే ఆ పేరు మళ్ళీ మాయం. ఆ రెండు మూడేళ్ళ జాబితాలే కొందరు ముత్తవ్వల మొత్తం రాతపూర్వక జీవితం. 1850 తర్వాత పేర్లు వచ్చినా వయసుల్ని నమ్మలేం. లింకన్ భార్య మేరీ వయసు 1850 లెక్కలో 28, 1860 లెక్కలో 35. పదేళ్ళలో ఆమె ఏడేళ్ళే పెరిగింది. నిజానికి 1860కి ఆమెకు 41. లెక్కరాయుడికి జవాబు ఎవరు చెప్పారన్నది ఆ కాగితం మీద ఉండదు.

లింకన్ తల్లి నాన్సీ హాంక్స్ 1818 అక్టోబరులో చనిపోయింది. ఆమె బతికిన కాలంలో జరిగిన ఏ జనాభా లెక్కలోనూ ఆమె పేరు రాసే వీలే లేదు. 1810లో ఉన్నా భర్త పేరు కింద ఒక అంకె. ఆమె పేరున భూమి లేదు కాబట్టి పన్ను పుస్తకంలో లేదు. ఆమె ఎవరి కూతురన్న వాదం నూరేళ్ళకు పైగా నడిచింది. రెండు మూడు హాంక్స్ కుటుంబాలు ఆమె మాదంటే మాదన్నాయి. చివరికి 2015లో వెలువడిన ఒక పరిశోధనలో, తల్లి నుంచి మాత్రమే పిల్లలకు వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏను ఆడవాళ్ళ వరసలో దిగివచ్చిన వారసుల దగ్గర పోల్చి చూశారు. నాన్సీ తల్లి లూసీ హాంక్స్ అన్న పాత వాదనకు అది బలం చేకూర్చింది. తండ్రి పేరు మాత్రం ఏ కాగితంలోనూ దొరకలేదు.